పదునారేండ్ల నిరీక్షణము

వంటయు, శిశుపోషణమును, కుట్టుపనియు, వ్రతకథలును గల యీ పుటలలో ఆంగ్లదేశపు రాక్ మేళమొకదానిని గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోచవచ్చును. "ఇల్లాండ్రకు ఈ గోల యేల?" అని యడుగువారును ఉందురు. కాని చేతులు పనిలోనున్నంత మాత్రమున చెవులు పని మానవు గదా! త్యాగరాజస్వామివారి పంచరత్నములలో ఏది మిన్న యని మన తల్లులు వాదులాడలేదా? ఏ నటుని నోట పద్యము హృద్యముగా పలుకునో యని మన మామ్మలు తగవు పడలేదా? ఇష్టమైనదానిని గూర్చి వాదించుకొనుట ఆ యిష్టములో ఒక భాగము. మేము చెప్పబోవునది అట్టి వాదమును గూర్చియే. దానితోపాటు పదునారేండ్లు సాగిన యొక నిరీక్షణమును గూర్చియు.

"మేము" అనగా హైదరాబాదులో ఒకే యింట నివసించు మువ్వురము: ఇద్దరు తోడికోడండ్రు, పెద్దకోడలి కూతురు. ముగ్గురమును కూర్చుండి వ్రాయుచున్న వ్యాసమగుటచే పేర్లు చెప్పుకొనక పెద్దామె, రెండవయామె, చిన్నది అని మాత్రము వ్యవహరించెదము.

ఆ మేళము పేరు ది క్యూర్. అనగా రోగమును మాన్పునది. ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతమందలి క్రాలీ యను పట్టణమున బడిలో కలిసి చదివిన కుర్రవాండ్రు కొందరు దీనిని నెలకొల్పిరి. 1978 నుండి ఈ పేరు వాడుకలోనికి వచ్చినది. రాబర్టు స్మిత్ అనునతడు దీనికి గాయకుడు, గీతకర్త, గిటారు వాయించువాడు, సారథియు. 1959లో జన్మించిన యీతడు చింపిరిజుట్టుతో, కన్నులకు కాటుకతో, చెరిగిన పెదవిరంగుతో వేదిక నెక్కును. మొదటిసారి అతని పటమును జూచి మా అత్తగారు, "పాపము, ఎవరో యీ పిల్లను ఏడిపించినారు" అనిరి. మేము చాలసేపు నవ్వితిమి గాని, ఆ మాటలో కొంత సత్యము లేకపోలేదు. ఆ పాటలలో ఏడ్పు కలదు. కాళ్లను నిలువనీయని ఉల్లాసమును కలదు. ఈ రెంటిలో ఏది ఆ మేళము యొక్క అసలు స్వరూపము అనునదే అభిమానుల నడుమ నలువదేండ్లుగా సాగుచున్న వివాదము.

ఈ సంగీతము నెరుగని సోదరీమణులకొక మాట. ఎనిమిదియో, పదియో, పదమూడో పాటలను ఒక వరుసలో కూర్చి ఒకే పేరుతో వెలువరించిన సంపుటమును ఆల్బమందురు. శతకములోని పద్యములను విడివిడిగా చదువుకొనవచ్చును. మంచి ఆల్బమునందైతే ముందుపాట వెనుకపాటకు త్రోవ తీయుచుండును. మొదటినుండి కడవరకు వరుసగా విన్నగాని దాని భావము పట్టుబడదని అభిమానుల నమ్మకము. 1979 మొదలుకొని 2008 వరకు ది క్యూర్ వారు పదమూడు ఆల్బములు వెలువరించిరి. ఆ పదమూడింటిలో మా కలహమునకు ముఖ్యమైనవి మూడు నాలుగు.

పెద్దామెకు ఈ మేళము పరిచయమైనది 1990లో. ఆమె పెదతండ్రిగారి కుమారుడు లండను నుండి వచ్చుచు, అంతకు ముందటేట వెలువడిన డిసింటిగ్రేషన్ అను ఆల్బము క్యాసెట్టును తెచ్చి యిచ్చెను. మరుసటి సంవత్సరము ఆమె కోడలై యీ యింట అడుగుపెట్టినప్పుడు పెట్టెలో పట్టుచీరల క్రింద ఆ క్యాసెట్టు ఉండెను. పదునొకండుగురున్న యిల్లు, అందరును క్రొత్తవారు. మధ్యాహ్నము గిన్నెలు కడిగి, అందరు కునుకు తీయు వేళ, వంటింటి గట్టుమీద టేప్‌రికార్డరును చిన్నగొంతుకతో పాడించుకొని ఆమె వినుచుండెడిది. పాట మొదలైన పిమ్మట గాయకుని గొంతు వినిపించుటకే రెండు మూడు నిమిషములు పట్టును. ఆ జాగును ఆమె ప్రేమించెను. "ఇంటిలో ప్రతివారును ఏదో యొకటి వెంటనే కావలెననువారే, తొందరపెట్టనిది ఆ పాటయొక్కటే" అని యామె యిప్పటికిని చెప్పును.

ఆమె పక్షమున చెప్పదగిన సంగతులు పెక్కు గలవు. ఆ ఆల్బము 1989 మే నెలలో వెలువడునాటికి స్మిత్‌నకు ముప్పదియేండ్లు నిండి కొద్దిదినములే యైనది. యౌవనము జారిపోవుచున్నదను దిగులు ఆ పాటలన్నిటియందును వ్యాపించియున్నది. అయినను వానిలో లవ్‌సాంగ్ అను చిన్నపాట యొకటి కలదు. బడిలో చదువునాటి నుండి తానెరిగిన పిల్లను 1988లో పెండ్లాడి, ఆమెకు పెండ్లికానుకగా వ్రాసిన పాట యది. అమెరికా దేశపు పాటల పట్టికలో రెండవ స్థానము వరకు పోయినది. దిగులు నిండిన యింటిలో వెలిగించిన చిన్నదీపము వంటిదని పెద్దామె దానిని మెచ్చుకొనును.

రెండవయామె పక్షము వేరు. ఆమె అన్నగారు 1992లో విష్ అను ఆల్బమును ఆమెకు కానుకగా ఇచ్చెను. ఆంగ్లదేశమున ఆ మేళమునకు మొట్టమొదటిసారి ప్రథమస్థానము తెచ్చిన ఆల్బమది. అందు ఫ్రైడే అయామ్ ఇన్ లవ్ అను పాటలో వారములన్నియు వరుసగా వచ్చి, శుక్రవారము నాటికి మనస్సు సంతోషముతో పొంగును. "మనకును శుక్రవారమే శుభవారము గదా!" యని ఆమె గడప కడిగి ముగ్గు పెట్టుచు ఆ పాటను కూనిరాగము తీయును. 1985 నాటి ది హెడ్ ఆన్ ది డోర్ అనునది ఆమెకు రెండవ యిష్టము. దుఃఖమెరుగనివాడు నవ్వుట గొప్ప కాదు, దుఃఖమును బాగుగా నెరిగినవాడు ఒకరిని నవ్వించుటయే గొప్ప యని ఆమె సిద్ధాంతము. చీకటిపాటలు వ్రాయువారు వేలున్నారు, ఆ కలముతోనే మూడు నిమిషముల వేడుకపాట వ్రాయగలవారు ఎందరని ఆమె ప్రశ్న.

ఇక చిన్నది. దానికి 1982 నాటి నాల్గవ ఆల్బము ప్రాణము. ఆ ఆల్బము పేరు కుటుంబపత్రికలో అచ్చువేయదగినది కాదు గనుక ఇచ్చట వ్రాయము. లోపల మాత్రము పేరునుబట్టి భయపడవలసిన సంగతి లేదు; ఉన్నదంతయు నిరాశయే. 1980లో సెవెంటీన్ సెకండ్స్, 1981లో ఫెయిత్, 1982లో ఈ ఆల్బము, ఏటికొకటి చొప్పున చీకటి చిక్కబడుచు వచ్చి, ఆ యేటి యాత్ర ముగియునాటికి మేళమే ఇంచుమించు చీలిపోయినది. బాస్ వాయించు సైమన్ గాలప్ విడిచిపోయి, కొన్ని యేండ్ల పిదప గాని మరలి రాలేదు. ఆ పతనము తరువాతనే స్మిత్ తన త్రోవ మార్చుకొని 1983లో ది లవ్‌క్యాట్స్ వంటి గంతులువేయు పాటలు కట్టెను. "అడుగంట మునిగినవాడు గనుకనే పైకి తేలినప్పుడు అట్లు ఊపిరి పీల్చినాడు, నా ఆల్బము లేనిదే మీ ఆల్బములు లేవు" అని చిన్నదాని వాదము.

చిన్నది సాక్ష్యము కూడ చూపును. 2002 నవంబరులో ఆ మేళము జర్మనీ దేశపు బెర్లిన్ నగరమున రెండు రాత్రులు ప్రత్యేకముగా పాడినది. 1982 నాటి ఆల్బమును, 1989 నాటి డిసింటిగ్రేషన్‌ను, 2000 నాటి బ్లడ్‌ఫ్లవర్స్‌ను, ఈ మూటిని ఒక గొలుసుగా కూర్చి మొదటినుండి తుదివరకు వినిపించిరి. తన మేళము యొక్క అసలు రూపము ఎచ్చటనున్నదో కవియే స్వయముగా చెప్పినట్లైనదని చిన్నదాని తీర్పు. ఆ మూటిలో నడుమనున్నది తన ఆల్బమే యని పెద్దామె సమాధానము. రెండవయామె మాత్రము, "కన్నతల్లి ముద్దుచేసిన బిడ్డయే ఊరికెల్ల ముద్దు కానక్కరలేదు" అని త్రోసివైచును.

పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యని సామెత చెప్పి ఈ తగవును కట్టిపెట్టవచ్చును. కాని మాకు అది తృప్తి నీయలేదు. ఎవరు ఏ ఆల్బమును ఏల పట్టుకొనిరో విచారించి చూచితిమి. పడుచుతనమున వెలువడిన పాటయే జీవితాంతము ప్రియమని కొందరందురు. అదియే నిజమైనచో 2000లో పుట్టిన చిన్నది తాను పుట్టుటకు పదునెనిమిదేండ్లు ముందు వచ్చిన ఆల్బమును ఏల పట్టుకొనవలయును? ఇంటికి దూరముగా హాస్టలులోనుండి ప్రవేశపరీక్షకు చదువుచున్న దినములలో అది ఆ ఆల్బమును మొదట వినినది. తెల్లవారుజామున లేపి, రాత్రి పదునొకండు గంటల వరకు కూర్చుండబెట్టెడి చదువు. నిరాశను నిరాశయని పేరు పెట్టి చెప్పినది అప్పుడు ఆ పాటలొక్కటియే నని చిన్నది చెప్పగా మేమిద్దరమును మాటాడలేకపోతిమి. కాబట్టి పాట పుట్టిన యేడు ముఖ్యము కాదు. ఎవరికి ఏ పూట ఏది తోడుండెనో అదియే ముఖ్యము. మనుష్యులను గూర్చి మనము చేయు తగవులవలెనే ఆల్బములను గూర్చిన తగవులును. "మా అమ్మమ్మ మంచిది, మా నాయనమ్మ మంచిది" అను పిల్లలకు ఎవరు తీర్పు చెప్పగలరు? అట్లని పిల్లలు మానుదురా?

ఇచ్చట మా అత్తగారి ఆక్షేపణమును చెప్పక తప్పదు. "సాయంకాలము దీపము పెట్టు వేళ యీ యేడ్పుపాటలేల? ఇంటికి మంచిది కాదు" అని ఆమె యనెడివారు. మేము ఆమెకు ఎదురు చెప్పలేదు గాని, ఒకనాడు ఆమెయే పెరటిలో కూర్చుండి, బియ్యములో రాళ్లేరుచు, ఊర్మిళాదేవి నిద్ర పాడుకొనుచుండ వింటిమి. మన స్త్రీల పాటలలో సంతోషమెంత కలదు, దుఃఖమెంత కలదు? సీతమ్మ అడవులపాలైన పాట, ఆడపిల్లను అత్తవారింటికి పంపు అప్పగింతల పాట, ఇవి యన్నియు ఏడ్పుపాటలే. పెండ్లి యంత శుభకార్యములో కన్నీరు పెట్టించు పాటకు మన పెద్దలు ఒక స్థానము నిర్ణయించియున్నారు. నవరసములలో కరుణమును చేర్చినవారు దానిని అశుభమని తలచినవారు కారు. ఏడ్పును పాటలో పెట్టినచో దానికొక ఆది, ఒక అంతము ఏర్పడును. పాటలో పెట్టని యేడ్పునకు అంతము లేదు. ఇంతకును ఆ సాయంకాలము పాటలను గూర్చి అత్తగారు మరేమియు అనలేదు. తరువాత కొన్నాళ్లకు, "ఆ కాటుకపిల్ల పాట పెట్టవే" అని ఆమెయే అడిగిన రోజులును కలవు.

ఇక నిరీక్షణము సంగతి. 2008 అక్టోబరులో పదమూడవ ఆల్బము వెలువడినది. దాని పేరులోనే పదమూడు అంకె యుండెను, పాటలును పదమూడే. అప్పుడు చిన్నది రెండవ తరగతి పిల్ల. తరువాతి ఆల్బము రెండు మూడేండ్లలో వచ్చునని పెద్దామెయు రెండవయామెయు అనుకొనిరి. రాలేదు. 2014లో, పదమూడవ ఆల్బమునకు మిగిలిన పాటలతో జోడుసంపుటమొకటి వచ్చునని ప్రకటన వెలువడినది. అదియును రాలేదు. ఆ సంవత్సరమే మాకు ఒక రాష్ట్రము రెండైనది. 2017లో అత్తగారు పరమపదించిరి. క్యాసెట్లు పోయి డిస్కులు, డిస్కులు పోయి ఫోనులు వచ్చినవి. 2018 జూలైలో లండను హైడ్ పార్కున ఆ మేళము తన నలువదేండ్ల పండుగ చేసికొనెను. 2019లో అమెరికావారు దానిని రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున చేర్చిరి. ఆ యేడే క్రొత్త ఆల్బము వెలువడునని స్మిత్ చెప్పెను. ఆ యేడును గడచిపోయెను. ఊర్మిళ నిద్ర పదునాలుగేండ్లే. మా నిరీక్షణము దానిని మించిపోవునట్లు కనబడెను.

ఇట్టి సమయమున అభిమానుల స్వభావము బయటపడును. చిన్నదానికి కోపము. "తేదీ చెప్పమని ఎవరడిగిరి? చెప్పినవాడు మాట నిలుపుకొనవలదా? పాలవాడు ఒకపూట రాకున్న ఊరుకొందుమా?" అని అది యనెడిది. పెద్దామె యట్లు తలచలేదు. "మనము దేనికి వెల యిచ్చితిమో అది మనకు ముట్టినది. రాని పాటమీద మనకేమి హక్కు? పాలు పిండినట్లు పాటను పిండగలమా?" అని యామె వాదించెను. చిన్నదానికోపములో న్యాయమున్నదనియే మేమిప్పటికిని తలచుచున్నాము. ఎదురుచూచుట కష్టము కాదు. వచ్చునన్న నాడు రాకుండుట కష్టము. రైలు ఆలస్యమని ముందే చెప్పిన స్టేషనులో ప్రయాణికులు పక్క పరచుకొని నిదురింతురు. ఇప్పుడే వచ్చుచున్నదని చెప్పుచుండిన స్టేషనులోనే తగవులు పుట్టును.

రెండవయామె మూడవమాట చెప్పెను. ఆ యేండ్లలో స్మిత్ తల్లిని, తండ్రిని, అన్నను పోగొట్టుకొనియుండెను. "మనయింట ఒకరు పోయిన యేడాది పండుగలు చేయము గదా! అతనికి ముగ్గురు పోయిరి. ఆవకాయకైనను ఊరుటకు దినములు కావలెను" అని యామె యనెను. అప్పటికి ఆమెకు తన మాట యెంత దూరము పోవునో తెలియదు.

2021 మే నెలలో, కరోనా విజృంభించిన దినములలో, రెండవయామె అన్నగారు మరణించిరి. ఊరు రెండువందల మైళ్ల దూరము. ఆమెకును అప్పుడు జ్వరము. కడసారి చూపు లేదు. చేతిలో చేయి వేసినది లేదు. ఫోనులో చూపిన దానిని చూపందుమా? పండ్రెండు దినములు గడచిన పిదప ఇంటిలో అందరు ఎప్పటివలె మాటలాడసాగిరి. ఆమెయును వంట చేసెను, నవ్వెను. విష్ ఆల్బమును మాత్రము ఆమె మరల పెట్టలేదు. శుక్రవారపు కూనిరాగము ఆగిపోయినది. మేమెవ్వరమును ఆ సంగతి ఎత్తలేదు.

2022లో రాబోవు ఆల్బము పేరు వెల్లడియైనది: సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్, అనగా పోయిన లోకపు పాటలు. ఆ యేటి అక్టోబరులో లాత్వియా దేశపు రీగా నగరమున ఆ మేళము ఐరోపా యాత్ర మొదలుపెట్టి, క్రొత్త పాటలను వేదికమీద పాడసాగినది. ఆ నెలలోనే పోలండులోని క్రాకోవ్ నగరమున, మరణించిన అన్నను గూర్చి స్మిత్ కట్టిన పాటను మొదటిసారి పాడెను. దాని పేరు ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై. పోయి రమ్మని ఎన్నటికిని చెప్పలేనని దాని భావము. సభలోనున్నవారు ఫోనులలో పట్టి అంతర్జాలమున పెట్టగా, మరునాటికే చిన్నదాని చెవిని పడినది.

ఇచ్చట మా యింట మరియొక వివాదము పుట్టినది. అట్లు పట్టిన పాటను వినవచ్చునా? జనుల కేకల నడుమ, వణకుచున్న చేతులతో తీసినదానిని విని తీర్పు చెప్పుట పచ్చి మామిడిని పండని తినుట వంటిదని పెద్దామె మానివేసెను. పాట పుట్టినది సభలోనే, సభలోనున్నవారి కేకలును పాటలో భాగమే యని చిన్నది విన్నది. రెండవయామె పాట పేరు తెలిసికొని, దేనిని గూర్చినదో తెలిసికొని, "నేనున్నచోట దానిని పెట్టవద్దు" అని మాత్రము చెప్పెను. చిన్నది రెండేండ్లు ఆ మాటను నిలుపుకొన్నది. ఎప్పుడును హెడ్‌ఫోను పెట్టుకొనియే విన్నది.

నడుమ 2023లో జరిగిన సంగతియొకటి చెప్పవలసియున్నది. నిరీక్షించువారికి ఆ మనుష్యునిపై గౌరవము పెంచిన సంగతి యది. అమెరికా యాత్రకు స్మిత్ కొన్ని టిక్కెట్లను ఇరువది డాలర్లకే ఏర్పాటు చేసెను. టిక్కెట్లమ్ము సంస్థ కొన్నిచోట్ల ఆ టిక్కెట్టు వెలను మించిన రుసుములు పైన వేసినట్లు తేలెను. అతడు బాహాటముగా నిరసించి వెంటబడగా, ఆ సంస్థ చవుకటిక్కెట్లు కొన్నవారికి టిక్కెట్టుకు పది డాలర్లు, తక్కినవారికి ఐదు డాలర్లు వాపసు చేసెను. మేము ఆ సభలకు పోయినవారము కాము. అమెరికాలోనున్న మా బంధువులును పోలేదు. అయినను కూరగాయల బండివద్ద రూపాయికి రూపాయి లెక్కచూచు ఇల్లాండ్రము గనుక మాకా సంగతి విలువ తెలిసినది. ఆ దినమునుండి చిన్నదానికోపము సగము చల్లారినది.

2024 సెప్టెంబరు 26వ తేదీన అలోన్ అను మొదటి పాట వెలువడినది. గొంతు వినిపించుటకు మూడు నిమిషములకు పైగా పట్టినది. పెద్దామె ఆ మూడు నిమిషములును కన్నులు మూసుకొని కూర్చుండెను. నవంబరు 1వ తేదీన ఆల్బమంతయు వచ్చినది. మాకు దీపావళి మరునాడు; వారము శుక్రవారము. ప్రమిదలు కడిగి ఆరబెట్టి, మధ్యాహ్నభోజనములైన పిమ్మట ముగ్గురమును కూర్చుంటిమి. మొత్తము ఎనిమిది పాటలు, నలువదితొమ్మిది నిమిషములు. ఆరవపాట దగ్గరకు వచ్చునప్పటికి చిన్నది ఆపుటకు చేయి చాచినది. రెండవయామె "ఉండనీ" అనెను.

ఆ పాటను ఇచ్చట వర్ణింపబోము. పియానోమీద కొద్దిస్వరముల పలుకు తిరిగి తిరిగి వచ్చుచుండును. దానిచుట్టు తక్కిన వాద్యములు ఉరుమువలె క్రమ్ముకొనును. వానిమధ్య అరువదేండ్లు దాటిన యొక తమ్ముడు అన్నను గూర్చి చెప్పుకొనును. పాట ముగిసిన పిమ్మట రెండవయామె ఏడ్చెను. మూడున్నర యేండ్లలో అది మొదటిసారి మా యెదుట ఏడ్చుట. తరువాతి రెండు పాటలను వినుచుండగనే ఆమె తన అన్నను గూర్చి మాటలాడసాగెను: సైకిలు నేర్పిన సంగతి, పరీక్ష తప్పినప్పుడు నాన్నగారికి తెలియకుండ కాచిన సంగతి, 1992లో ఆ క్యాసెట్టు కొనుటకు తన మొదటి జీతములోనుండి డబ్బు తీసిన సంగతి. దీపము పెట్టు వేళ వరకు ఆ మాటలు సాగినవి. అత్తగారుండిన ఏమందురో యని మాకు తోచినది. ఏమియు అనకపోయియుందురని అనుకొంటిమి.

ఒక పాట దుఃఖమును తీర్చునని మేము చెప్పము. ఆ మేళము పేరు రోగనివారణమే యైనను, దుఃఖము రోగము కాదు. తన అన్నకు పోయి రమ్మని చెప్పలేకపోయిన వేరొకడు సముద్రములకు ఆవల ఆ మాటయే పైకి చెప్పియుండుట వినుటవలన, చెప్పలేకపోవుట తన యొక్కదాని దోషము కాదని ఆమెకు తెలిసినది. అంతమాత్రమే. అదియును తక్కువ మేలు కాదు. ఇంత ఆలస్యముగ రాకున్న, 2019లో చెప్పిన గడువునకే ఆ ఆల్బము వచ్చియుండిన, 2021లో ఆమెకు అది పాతపాట అయియుండునేమో! ఆలస్యము అమృతమును విషము చేయునందురు గాని, ఊరి రుచి తేలినవియును లోకమున కలవు.

ఇంతటితో మా తగవులు తీరినవని తలపకుడు. అందుకు భిన్నముగా ఆరంభమైనవి. ఆల్బము ఆంగ్లదేశమున ప్రథమస్థానము పొందినది. 1992 నాటి విష్ తరువాత, అనగా ముప్పదిరెండేండ్ల పిమ్మట, ఆ మేళమునకు మరల దక్కిన ప్రథమస్థానమది. "నడుమనున్న ఆల్బములకు దక్కనిది నా ఆల్బమునకే దక్కినది చూచితిరా!" యని రెండవయామె వాదము. పాటలలోని జాగును, విశాలతను చూపి ఇది డిసింటిగ్రేషన్‌నకు తోబుట్టువని పెద్దామె యనును. ఎండ్‌సాంగ్ అను కడపటి పాట పదినిమిషములకు పైబడినది. అందలి డ్రమ్ముల మోతను వినిపించి, ఇది 1982 నాటి దాని సంతానమే యని చిన్నది పట్టుబట్టును. క్రొత్త ఆల్బము వచ్చినచో తగవు తీరునని ఎదురుచూచితిమి. అది ముగ్గురికిని చెరియొక ఆధారము నిచ్చి పోయినది. శుక్రవారపు కూనిరాగము మాత్రము మరల మా గడపవద్ద వినబడుచున్నది.

మరియొక ఆల్బము ఇంచుమించు సిద్ధమైనదని 2024లోనే స్మిత్ చెప్పియున్నాడు. 2029 నాటికి తనకు డెబ్బదియేండ్లు నిండుననియు, మొదటి ఆల్బమునకు ఏబదియేండ్లగుననియు, అప్పటికి చాలింతుననియు అతడనెను. ఈసారి చిన్నది తేదీని నమ్మను అనుచున్నది. 2029లో మా పెద్దామెకు అరువదేండ్లు. వచ్చినచో విందుము, రాకున్న ఉన్న పదునాలుగింటిని గూర్చి వాదించుకొందుము. ఆ పనికే మాకు మధ్యాహ్నములు చాలుట లేదు.

సోదరీమణులారా! మీ యింట మీకు ప్రియమైనది కీర్తన కావచ్చును, సినిమాపాట కావచ్చును, నాటకపద్యము కావచ్చును. అది యేదైనను, ఇంటిలో మీదని చెప్పుకొనదగిన యిష్టమొకటి ఉంచుకొనుడు. దానిని గూర్చి కోడలితోను, ఆడపడుచుతోను, కూతురితోను గట్టిగా వాదింపుడు. పప్పులో ఉప్పును గూర్చి, పండుగచీరలను గూర్చి చేసిన తగవులు మనస్సులను విరుచును. పాటను గూర్చి చేసిన తగవులో ఎదుటివారు ఏ పూట ఏకాకులై యుండిరో తెలియవచ్చును. ఒక కప్పున ముప్పదియేండ్లు కాపురముండియు ఒకరి సంగతి యొకరికి తెలియనివి చాల కలవు. మాకు కొన్ని ఈ విధముగా తెలిసినవి.